మూసిన తలుపుల వెనుక ఏమి బోధించారు?

ప్రశ్న: మేడం గారికి నమస్కారాలు. మా తాతగారు దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) సభ్యులు. ఆయన పెట్టె సర్దుతుంటే అనీబిసెంట్ రాసిన ‘ఎసొటెరిక్ క్రిస్టియానిటీ’ అనే పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. యేసు అందరికీ చెప్పినది ఒకటి, అర్హులైన కొద్దిమందికి చెప్పినది మరొకటి అని అందులో ఉంది. మా పాస్టరు గారికి చూపిస్తే “దుర్బోధ, ముట్టుకోవద్దు” అన్నారు. గూఢ క్రైస్తవం అంటే అసలు ఏమిటి? ఎక్కడ పుట్టింది?
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: పుస్తకాన్ని పారేయకండి. పెన్సిలు చేతిలో పట్టుకుని చదవండి. 1901లో వచ్చిన ఆ పుస్తకంలో సాక్ష్యం ఉన్న పేజీలు చాలానే ఉన్నాయి, ఏ సాక్ష్యమూ లేని పేజీలూ ఉన్నాయి. రచయిత్రి రెండింటినీ ఒకే ధీమాతో చెబుతారు కాబట్టి ఏది ఏదో పాఠకుడే విడదీసుకోవాలి.

గూఢ క్రైస్తవం అనే పేరుతో రెండు వేర్వేరు సంగతులు చలామణీ అవుతున్నాయి. సంఘంలో అందరికీ తెలిసిన విశ్వాసంలోనే లోతుకు దిగడం మొదటిది. సిద్ధపడిన వారెవరికైనా ఆ లోతు అందుతుంది. యేసు కొందరికి మాత్రమే వేరే బోధ ఇచ్చాడని, అది గురుశిష్య పరంపరలో రహస్యంగా వచ్చిందని, చర్చికి అది తెలియదని వాదించడం రెండోది. మొదటిదానికి బలమైన చారిత్రక ఆధారం ఉంది. రెండోదాన్ని చెప్పినవారు రెండో శతాబ్దం నుంచీ ఉన్నారు గానీ, అది యేసు దగ్గర నుంచే వచ్చిందని ఎవరూ చూపించలేకపోయారు. మీ పాస్టరు గారు రెండోదానికి భయపడి మొదటిదాని తలుపు కూడా మూసేశారని నాకు అనిపిస్తోంది.

ముందు బైబిలే తెరవండి. మార్కు సువార్త 4వ అధ్యాయంలో యేసు విత్తువాని ఉపమానం చెబుతాడు. జనం వెళ్లిపోయాక శిష్యులు అర్థం అడుగుతారు. దేవుని రాజ్య మర్మం మీకు ఇవ్వబడింది, వెలుపలి వారికి అన్నీ ఉపమానాలుగానే ఉంటాయి అంటాడు. ఏకాంతంలో తన శిష్యులకు అన్నీ విడమరచి చెప్పేవాడని అదే అధ్యాయం 34వ వచనం. పౌలు కూడా కొరింథు వారికి రాస్తూ, పరిపూర్ణుల మధ్య తాను మరుగైన జ్ఞానాన్ని బోధిస్తానని, కొరింథు వారికి మాత్రం ఇంతవరకు పాలే పోశానని, గట్టి ఆహారం పెట్టలేదని అంటాడు. గూఢ బోధ గురించి మాట్లాడే ప్రతివారూ ఈ వచనాల దగ్గరే మొదలుపెడతారు. అనీబిసెంట్ కూడా అంతే.

అయితే శిష్యులకు ఏకాంతంలో చెప్పిన ఆ అర్థం ఎక్కడ ఉంది? అదే మార్కు 4లో, 14 నుంచి 20 వరకు అచ్చయి ఉంది. విత్తనం అంటే వాక్యం, త్రోవ ప్రక్క నేల అంటే ఫలానా వారు అని వరుసగా ఉంది. గదిలో చెప్పిన మాట వీధిలోకి వచ్చేసింది. చెవిలో చెప్పినది మేడల మీద ప్రకటించమని మత్తయి 10లో ఆయనే అన్నాడు. ప్రధాన యాజకుడి ముందు నిలబడి, రహస్యంగా తానేమీ మాట్లాడలేదని చెప్పినట్టు యోహాను 18లో ఉంది. ఈ వచనాల్లో కొన్నిటిని పట్టుకుని మిగతావి వదిలేస్తే ఎవరి వాదం వారిదే గెలుస్తుంది. అన్నీ కలిపి చదివితే, మర్మం అనేది దాచిపెట్టడానికి ఇచ్చినది కాదని, వినే చెవి ఎదిగేదాకా ఆగినదని తెలుస్తుంది.

తరువాత అలెగ్జాండ్రియా నగరం. రెండో శతాబ్దం చివర అక్కడ బోధించిన క్లెమెంట్ తన ‘స్ట్రొమటైస్’ గ్రంథం మొదట్లోనే కొన్ని సంగతులు కావాలనే వదిలేస్తున్నానని చెబుతాడు. చిన్నపిల్లవాడి చేతికి కత్తి ఇచ్చినట్టు అవుతుందేమోనని ఆయన భయం. ఆయన తరువాతి తరంలో ఓరిగెన్. ఆయనకు పదిహేడేళ్లు నిండకముందే తండ్రి హతసాక్షి అయ్యాడు. వృద్ధాప్యంలో తానూ జైల్లో చిత్రహింసలు పడ్డాడు. లేఖనానికి దేహం, ప్రాణం, ఆత్మ అనే మూడు అర్థాలు ఉంటాయని, కథ దగ్గరే ఆగిపోవద్దని ఆయన బోధించాడు. క్రైస్తవులది రహస్య సిద్ధాంతమని సెల్సస్ అనే గ్రీకు పండితుడు నింద వేస్తే, ఓరిగెన్ ఇచ్చిన జవాబు నాకు ఎంతో ఇష్టం. యేసు కన్యకు పుట్టాడని, సిలువ వేయబడ్డాడని, తిరిగి లేచాడని లోకమంతటికీ తెలుసు, ఇందులో రహస్యమేముంది అని ఎదురు అడుగుతాడు. అందరికీ చెప్పిన దాని తరువాత నేర్చుకోవలసినవి ఇంకా కొన్ని ఉండటం క్రైస్తవులకు ఒక్కరికే ప్రత్యేకం కాదు, తత్త్వవేత్తల దగ్గరా ఉన్నదే అని కూడా ఒప్పుకుంటాడు. అనీబిసెంట్ ఈ ఇద్దరినీ విస్తారంగా ఉదహరించారు. పుస్తకంలో గట్టి భాగం అదే.

మూసిన తలుపుల సంగతి చూడాలంటే యెరూషలేముకు వెళ్లాలి. 350 ప్రాంతంలో అక్కడి బిషప్పు సిరిల్, బాప్తిస్మానికి సిద్ధపడేవారికి ఉపవాస దినాల్లో చేసిన ప్రసంగాలు నేటికీ ఉన్నాయి. మొదటి రోజే కట్టడి చేస్తాడు: ఇక్కడ విన్నది బయట అడిగిన వారికి చెప్పవద్దు. రోగి ద్రాక్షారసం అడుగుతాడు, వేళ కాని వేళ ఇస్తే మతి చెదురుతుంది అని కారణం చెబుతాడు. విశ్వాస ప్రమాణాన్ని కాగితం మీద రాసుకోవద్దని, కంఠస్థం చేసి హృదయం మీద రాసుకోమని అంటాడు. ఇది చదివిన ప్రతిసారీ నాకు మా నాన్నగారు గుర్తుకొస్తారు. ఆయన గుంటూరు జిల్లాలో లూథరన్ పాస్టరు. అక్షరం రాని కూలీలకు రాత్రిపూట వరండాలో లాంతరు పెట్టుకుని పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన నోటికి వచ్చేదాకా చెప్పించేవారు. అవి వచ్చాకే బాప్తిస్మం, ఆ తరువాతే ప్రభు బల్ల. ఆ వరుసకు పదహారు వందల ఏళ్ల వయసుందని నేను పెద్దయి సంఘ చరిత్ర బోధించేటప్పుడు గానీ తెలియలేదు.

380ల్లో ఎగేరియా అనే యాత్రికురాలు పశ్చిమం నుంచి యెరూషలేము వచ్చి, చూసినదంతా తన తోటి స్త్రీలకు ఉత్తరంగా రాసింది. బాప్తిస్మానికి ముందు బిషప్పు అభ్యర్థులతో, పై మర్మాలు మీరింకా వినలేరు, ఏదీ అర్థం లేకుండా జరుగుతోందని అనుకోకుండా ఈస్టరు పండుగ వారంలో అన్నీ చెబుతాను అంటాడట. పండుగ రాత్రి వాళ్లు పడమటి వైపు తిరిగి, చేయి చాచి సాతానును నిరాకరిస్తారు. తూర్పుకు తిరిగి విశ్వాసం ఒప్పుకుంటారు. నూనెతో అభిషేకం పొంది మూడుసార్లు నీట మునుగుతారు. అప్పటిదాకా వారికి వీటి అర్థం పూర్తిగా చెప్పరు. ఆ వారంలోనే పునరుత్థాన మందిరం తలుపులు మూసి, బిషప్పు ఒక్కొక్క క్రియకూ అర్థం విప్పుతాడు. వింటున్నవారి హర్షధ్వానాలు చర్చి బయటికి వినిపించేవని ఎగేరియా రాసింది.

తలుపు మూసి చెప్పిన మర్మం అంటే ఇదే. లోపల ఉన్నవారు మేధావులు కారు. ఆ ఏడాది బాప్తిస్మం పొందిన మామూలు మనుషులు. నిన్న బయట ఉన్న మనిషికి నేడు లోపల చోటు దొరికింది. ఈనాటికీ ఆర్థడాక్స్ ఆరాధనలో విశ్వాస ప్రమాణానికి ముందు “తలుపులు, తలుపులు” అని డీకన్ కేక వేస్తాడు. ఆ కాలపు ఆనవాలే అది.

ఇక రెండో రకం. 140 ప్రాంతంలో రోములో బోధించిన వాలెంటైనస్ శిష్యులు, తమ గురువు పౌలు శిష్యుడైన థ్యూదాస్ దగ్గర విన్నాడని చెప్పుకున్నారు. నాస్టిక్ (జ్ఞానవాద) బోధకుల్లో చాలామందికి ఇలాంటి పరంపర ఒకటి ఉండేది. లోకాన్ని సృష్టించినవాడు పరమదేవుడు కాడని, ఆ సంగతి గ్రహించిన జ్ఞానమే రక్షణ అని వారిలో చాలామంది బోధ. వేయి సంవత్సరాలకు పైగా వీరి గురించి వీరి శత్రువుల మాటల్లోనే వింటూ వచ్చాం. 1945లో ఎగువ ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర ఒక జాడీలో పదమూడు కోప్టిక్ (ప్రాచీన ఈజిప్టు క్రైస్తవుల భాష) ప్రతులు దొరికాక వారి సొంత గొంతు వినగలిగాం. ఆ గ్రంథాల్లో గొప్ప ప్రార్థనలు ఉన్నాయి, నిజమైన దాహం ఉంది. ఆ దాహాన్ని నేను తక్కువ చేయను. పరంపర దావాలకు మాత్రం అవి రుజువు కావు.

మధ్యయుగాలను త్వరగా దాటుదాం. 500 ప్రాంతంలో డయొనీసియస్ పేరుతో రాసిన ఒక సిరియా రచయిత, ఎకార్ట్ అనే జర్మన్ సన్యాసి, 1600లో తగరపు పళ్లెం మీద మెరిసిన వెలుగులో దర్శనం పొందిన గోర్లిట్జ్ చెప్పులు కుట్టే యాకోబ్ బోమే, వీరంతా మొదటి రకం వారే. బోమేను ఊరి పాస్టరు ప్రసంగ పీఠం నుంచే దూషించినా ఆయన చర్చిని విడవలేదు. 1614లో జర్మనీలో అచ్చయిన రోసిక్రూసియన్ ప్రకటనతో కథ మలుపు తిరిగింది. అజ్ఞాత సోదరబృందం, గురువు సమాధి, దాచిన జ్ఞానం, వీటి చుట్టూ తరువాతి రహస్య సంఘాలు ఎన్నో అల్లుకున్నాయి.

అనీబిసెంట్ ఆ వరుసలో వస్తారు. ఆంగ్లికన్ పాస్టరు భార్యగా మొదలై, విశ్వాసం పోగొట్టుకుని, నాస్తికోద్యమంలో పనిచేసి, 1889లో దివ్యజ్ఞాన సమాజంలో చేరిన మనిషి ఆమె. చిన్ననాటి క్రీస్తును వేరే దారిలో తిరిగి వెతుక్కున్న ఆర్తి ఆ పుస్తకంలో కనిపిస్తుంది, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ యేసు క్రీస్తుపూర్వం 105లో పుట్టాడని ఆమె రాశారు. ఆధారం ఏ శాసనమూ కాదు, దివ్యదృష్టికి మాత్రమే అందే లిఖితాలట. సువార్తలు పిలాతు పేరు చెబుతున్నాయి. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా పిలాతు కాలంలోనే శిక్ష పడిందని రాశాడు. ఇలాంటి చోట పెన్సిలుతో గీత గీయండి.

మీది మదనపల్లె కాబట్టి ఇంకొక మాట. మీ ఊళ్లో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితం ఈ బోధకే ముడిపడింది. దివ్యజ్ఞానుల లెక్కలో క్రీస్తు అంటే యేసు దేహంలోకి వచ్చిన జగద్గురువు. ఆ జగద్గురువు మళ్లీ రావడానికి పాత్రగా ఆ తెలుగు బాలుడిని మద్రాసులో సమాజం కేంద్రమైన అడయారులో 1909లో ఎంచుకున్నారు, 1911లో ఆయన కోసం ఒక సంఘం పెట్టారు. జర్మనీలో దివ్యజ్ఞానుల నాయకుడు రుడాల్ఫ్ స్టైనర్, క్రీస్తు రాక ఒక్కసారే జరిగేదని పట్టుబట్టి ఈ విషయం మీదే విడిపోయారు. 1929లో కృష్ణమూర్తే ఆ సంఘాన్ని రద్దు చేశారు. మీ తాతగారి తరానికి అది ఎంత పెద్ద దెబ్బో ఆయన పుస్తకాల అంచుల్లో ఏమైనా రాసుకున్నారేమో చూడండి.

ప్రశ్న: బైబిలులో పునర్జన్మ ఉండేదని, 553లో చర్చి సభ దాన్ని తీసేసిందని ఒక ఉపన్యాసంలో విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదు. 553 కంటే రెండు వందల ఏళ్ల ముందు రాసిన బైబిలు ప్రతులు, సైనాయిటికస్, వాటికానస్ అనేవి, నేటికీ ఉన్నాయి. అందులో ఉన్న సువార్తలు, పత్రికలే మన చేతిలో ఉన్నాయి. తీసేసిన అధ్యాయం ఉంటే ఆ ప్రతుల్లో కనబడాలి కదా.

ఆ ఉపన్యాసకుడి మాటకు మూలం ఓరిగెనే. దేహం రాకముందే ఆత్మలు ఉన్నాయని ఆయన ఊహించాడు. కాన్‌స్టాంటినోపుల్ రెండో సభ (553) కాలంలో ఆ సిద్ధాంతాన్ని, ఆయన పేరునూ ఖండించారు. చనిపోయి మూడు వందల ఏళ్లయిన మనిషిని, విశ్వాసం కోసం దెబ్బలు తిన్నవాడిని శపించడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కానీ ఆత్మ ఒక దేహం విడిచి మరో దేహంలోకి వస్తుందనే మాటను ఆయనే మత్తయి సువార్త వ్యాఖ్యానంలో తిరస్కరించాడు. బాప్తిస్మమిచ్చు యోహాను ఏలీయా ఆత్మతో, శక్తితో వచ్చాడే గానీ ఏలీయా ప్రాణంతో కాదని వివరించాడు. పునర్జన్మను నమ్మిన గుంపులు తొలినాళ్లలో ఉన్న మాట నిజం. కార్పొక్రటీస్ అనుచరులు అలాంటివారే. సంఘమంతా నమ్మి, తరువాత మానేసిందనడం మాత్రం చరిత్ర కాదు.

ప్రశ్న: యేసు యౌవనంలో లడఖ్ వచ్చి బౌద్ధ మఠంలో చదివాడన్న మాట నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నమ్మకండి. నొతోవిచ్ అనే రష్యన్ యాత్రికుడు 1894లో, హేమిస్ మఠంలో అలాంటి గ్రంథం చూశానని రాశాడు. మరుసటి ఏడాది ఆగ్రాలో పనిచేసే ఆచార్యుడు డగ్లస్ ఆ మఠానికే వెళ్లి అడిగితే, అలాంటి గ్రంథమేదీ లేదని మఠాధిపతి చెప్పాడు. మాక్స్ ముల్లర్ కూడా ఆ కథను తోసిపుచ్చారు.

ప్రశ్న: మేము మద్రాసులో స్థిరపడిన తెలుగువాళ్లం. ఏటా సెయింట్ థామస్ కొండకు వెళతాం. నాగ్ హమ్మాదిలో దొరికిన తోమా సువార్త మన తోమా రాసినదేనా? అందులో ఇండియా ప్రస్తావన ఉందా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: తోమా సువార్తలో ఇండియా లేదు, కథ కూడా లేదు. సజీవుడైన యేసు చెప్పిన రహస్య వాక్యాలను తోమా రాశాడనే మాటతో మొదలై 114 వాక్యాలు ఉంటాయి, అంతే. వాటిలో చాలావాటికి మన సువార్తల్లో పోలికలు ఉన్నాయి. చెక్కను చీల్చు, అక్కడ నేనున్నాను, రాయి ఎత్తు, అక్కడ నన్ను కనుగొంటావు అనే 77వ వాక్యం లాంటివి కొత్తవి. అపొస్తలుడే రాశాడని పండితులు ఒప్పుకోరు.

మీరు చదవవలసినది ‘తోమా కార్యములు’. మూడో శతాబ్దంలో సిరియా ప్రాంతంలో పుట్టిన గ్రంథం. అందులో తోమా వడ్రంగిగా ఇండియా వస్తాడు. గుండఫర్ రాజు భవనం కట్టమని ఇచ్చిన ధనమంతా పేదలకు పంచేసి, భవనం పరలోకంలో కట్టానంటాడు. కల్పిత పాత్ర అనుకున్న ఆ రాజు పేరుతో వాయవ్య భారతంలో నాణేలు దొరికాయి. మైలాపూరు పేరు మాత్రం ఆ గ్రంథంలో లేదు. మీ కొండ సంప్రదాయం వేరే దారిలో వచ్చింది.

ఆ గ్రంథంలో తోమా చెరసాలలో పాడే పాట ఒకటి ఉంది, ముత్యపు పాట. మార్మిక క్రైస్తవంలో దానికి సాటి వచ్చే కవిత నాకు తెలియదు. తూర్పు దేశపు రాజకుమారుడిని తల్లిదండ్రులు, ఒంటి మీది దివ్యవస్త్రం విప్పించి, ఈజిప్టుకు పంపుతారు. బుసలు కొట్టే పాము కాపలా కాస్తున్న ఒకే ఒక్క ముత్యాన్ని తేవాలి. పరదేశి అని గుర్తుపట్టకూడదని అతడు అక్కడి బట్టలు కట్టుకుంటాడు. వాళ్ల తిండి తింటాడు. ఆ తిండి మత్తుకు నిద్ర ముంచుకొస్తుంది, తాను రాజు కొడుకునని, ముత్యం కోసం వచ్చానని మరిచిపోయి అక్కడి రాజుకు ఊడిగం చేస్తుంటాడు. ఇంటి నుంచి ఉత్తరం వస్తుంది. గద్దలా ఎగిరి వచ్చి వాలి, మాటగా మారుతుంది: లే, నువ్వు రాజుల బిడ్డవని గుర్తు తెచ్చుకో. అతడు ఆ ఉత్తరాన్ని ముద్దాడి, దాని ముద్ర విప్పుతాడు. తండ్రి పేరు పలికి పామును నిద్రపుచ్చి, ముత్యం తీసుకుని, మురికి బట్టలు అక్కడే విడిచి బయలుదేరతాడు. దారిలో ఆ వస్త్రం ఎదురొస్తుంది. చిన్నప్పుడు విడిచిన ఆ వస్త్రం అద్దంలా తననే తనకు చూపిస్తుంది.

ఇందులో యేసు పేరు లేదు. నాస్టిక్కులు తమదంటారు, సంఘం వారు తప్పిపోయిన కుమారుడిని ఇందులో చూస్తారు. ఈసారి కొండకు వెళ్లినప్పుడు పిల్లలకు ఈ కథ చెప్పండి.

ప్రశ్న: ‘క్రీస్తు చైతన్య దీక్ష’ పేరుతో ఒకాయన ఆన్‌లైను తరగతులు నడుపుతున్నారు. రుసుము ఇరవై అయిదు వేలు. చర్చి దాచిన రహస్య మంత్రం ఇస్తామని, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదని అంటున్నారు. చేరమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: వద్దు. 180 ప్రాంతంలో లియాన్ బిషప్పు ఇరేనియస్, నాస్టిక్ బోధకుల గురించి రాస్తూ, ఇలాంటి మర్మాలను అందరికీ చెప్పక, పెద్ద మొత్తం ఇవ్వగలిగిన వారికే చెప్పడంలో వింతేముంది అన్నాడు. ఆయన వారి ప్రత్యర్థి, కొంత కోపంతో రాశాడు, అది లెక్కలో పెట్టుకుందాం. అపొస్తలులకే దాచిన మర్మాలు తెలిసి ఉంటే, తాము సంఘాలను అప్పగించిన వారికి ముందుగా చెప్పి ఉండేవారు కదా అన్న ఆయన వాదానికి మాత్రం నేటికీ జవాబు రాలేదు. డబ్బు సంగతి అపొస్తలుల కార్యములు 8లోనే తేలిపోయింది. సీమోను వెండి తెచ్చి వరం కొనబోతే పేతురు “నీ వెండి నీతోకూడ నశించునుగాక” అన్నాడు.

ఇంట్లోవాళ్లకు చెప్పవద్దన్న షరతు డబ్బు కంటే నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఈ రాత్రే మీ భార్యకో, అమ్మగారికో ఈ సంగతి చెప్పేయండి.

జపం కావాలన్న మీ కోరిక మంచిదే. తూర్పు సంఘాల సన్యాసులు, ముఖ్యంగా గ్రీసులోని అథోస్ పర్వతం మీదివారు, శతాబ్దాలుగా చేస్తున్న ప్రార్థన ఒకటుంది: “ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు.” పద్నాలుగో శతాబ్దంలో ఇది వాదానికి వస్తే, గ్రెగరీ పలమాస్ దీని పక్షాన నిలబడ్డాడు, సంఘ సభలు ఆయననే సమర్థించాయి. తెల్లవారుజామున కూర్చుని, ఊపిరిని బలవంతం చేయకుండా, నెమ్మదిగా కాసేపు చెప్పుకోండి. మీ పాస్టరు గారితో కూడా చెప్పండి.

ప్రశ్న: నాకు ఇంగ్లీషు రాదు. ఈ విషయాలు తెలుగులో ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?
– ఒక సువార్త సేవకుడు, ఏలూరు

జవాబు: మీ చేతిలోని బైబిలులోనే. మార్కు 4 ఒక్కసారిగా చదవండి, తరువాత మొదటి కొరింథీయులకు మొదటి మూడు అధ్యాయాలు, హెబ్రీయులకు 5, 6 అధ్యాయాలు, యోహాను 13 నుంచి 17, చివర కొలొస్సయులకు మొదటి అధ్యాయం. మర్మము అన్న మాట వచ్చిన ప్రతి చోటా గుర్తు పెట్టుకోండి, అది ఎవరికి తెలియజేయబడిందో పక్కనే రాయండి. కొలొస్సయులకు పత్రిక మొదటి అధ్యాయానికి వచ్చేసరికి మీకు ఒక ప్రశ్న తప్పక వస్తుంది. అది నాకు రాసి పంపండి, వచ్చే సంచికలో దానితోనే మొదలుపెడదాం.